పాట కోసం వచ్చిన సైనికుడు

(శతవార్షికోత్సవ కూటములలో పురుషుల సహవాసమువారి యెదుట చేసిన ప్రసంగ పాఠము)



ఈ కూటములలో ఒక్కొక్క వక్తకు ఒక్కొక్క జీవితమును అప్పగించారు. మిషనరీలను గూర్చి, బైబిలు స్త్రీలను గూర్చి, కాలినడకన ఊరూరా తిరిగిన తొలి ఉపదేశకులను గూర్చి నాకు ముందు మాట్లాడినవారు చక్కగా చెప్పారు. నాకిచ్చిన అంశం వేరు. యుద్ధంనుండి తిరిగివచ్చి ఊరికి ఉపయోగపడిన ఒక సామాన్యుని గూర్చి చెప్పమన్నారు. నేను ఎంచుకున్న మనిషి మన అధ్యక్ష ఖండమువాడు కాడు, మన దేశస్థుడూ కాడు. ఇంగ్లండులోని సోమర్సెట్ ప్రాంతంలో, బాత్ పట్టణం పక్కనున్న కూమ్ డౌన్ అనే చిన్న ఊరివాడు. వృత్తికి ప్లంబరు. పేరు హారీ పాచ్. విశ్వాసవీరుడని పిలిస్తే ఆయనే ఒప్పుకొనేవాడు కాడు. ఎందుకో ముందుకు పోయినకొద్దీ మీకే తెలుస్తుంది.

మన సంఘాల్లో మిలిటరీ తాతలు లేరా, అంత దూరం ఎందుకు పోయారు పాస్టరుగారూ అని మీరడుగవచ్చు. ఉన్నారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అని పిలవడం మీరందరూ ఎరిగినదే. అటువంటి పేరు రాకపోయినా మన ఊళ్ళలో సైన్యంనుండి పెన్షను మీద వచ్చినవారు కొద్దిమంది కాదు. మందిరం ముందు జెండా ఎగురవేయడానికి వారిని పిలుస్తాం. కోతకాలపు పండుగనాడు జనాన్ని వరుసలో నిలబెట్టడానికి వారిని పిలుస్తాం. ఆ యుద్ధంలో నీకేమైంది తాతా అని మాత్రం అడగం. వారూ చెప్పరు. హారీ పాచ్ కూడా ఎనభై ఏళ్ళు చెప్పలేదు. తరువాత చెప్పాడు గనుక మనకు దొరికాడు. ఆ చెప్పినదానిలో సంఘానికి ఒక గట్టి ప్రశ్న ఉన్నది. దానికోసమే ఆయనను ఎంచుకున్నాను.

ఆయన 1898 జూన్ 17న పుట్టాడు. తండ్రి రాతిపనివాడు. కూమ్ డౌన్ రాతిగనుల ఊరు. బాత్ పట్టణంలో ఈనాటికీ మెరిసే ఆ పసుపుపచ్చని మేడలు ఆ చుట్టుపక్కల తవ్విన రాతితో కట్టినవే. కుర్రవాడు 15వ ఏట బడి మానేసి ప్లంబరు దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు. మరుసటి ఏడే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. అన్న విలియం అప్పటికే సైన్యంలో ఉన్నాడు. మాన్స్ వద్ద గాయపడ్డాడు. కందకాలలో బ్రదుకు ఎట్లా ఉంటుందో అన్న నోటనే విన్నాడు గనుక హారీకి యుద్ధానికి పోవాలనే ఉబలాటం ఎన్నడూ లేదు. ఈ మాట దాచుకోకుండా చెప్పాడు. వీరుల కథలలో మనకు అలవాటైన మొదటి అధ్యాయం ఇది కాదు. 1916లో నిర్బంధ సైనిక చట్టం కింద పిలుపు వస్తే వెళ్ళాడు. 1917 జూన్‌లో, పందొమ్మిదేళ్ళు నిండే రోజులలో, కందకాలకు చేరాడు.

ఆయన పోయిన చోటు బెల్జియంలోని ఈప్రె పట్టణం పరిసరాలు. ఆ నేల మన దేశానికి కొత్తది కాదు. 1914లోను, 1915లోను భారత సైనికులు అక్కడ పోరాడారు. మొదటిసారి విషవాయువు ప్రయోగించిన 1915 ఏప్రిల్ యుద్ధంలోకి కూడా వారిని దింపారు. ఆ మహాయుద్ధంలో మన దేశంనుండి సముద్రం దాటి పోయినవారు 10 లక్షలకు పైమాట. ఈప్రెలో మెనిన్ ద్వారం అని ఒక స్మారక ద్వారం ఉన్నది. శవం దొరకనివారి, సమాధి తెలియనివారి పేర్లు 54 వేలకు పైగా దానిమీద చెక్కారు. వాటి మధ్య మన దేశపు సైనికుల పేర్లు కూడా ఉన్నాయి. మన ఇళ్ళలో వారి ఫోటోలు లేవు గనుక ఆ యుద్ధం దొరల యుద్ధమని అనుకుంటూ వచ్చాం.

హారీ పాచ్ పాల్గొన్నది పాషెండేల్ యుద్ధం. 1917 జూలై 31న మొదలై నవంబరు 10 వరకు సాగింది. ఆ ఏట ఆగస్టులో కురిసిన వానలకు, ఫిరంగి గుండ్లు తవ్విన గోతులకు ఆ నేలంతా బురదగుంట అయింది. మనుషులూ గుర్రాలూ మునిగిపోయేంత బురద. గోదావరి వరద తీసిన తరువాత లంకల్లో నడిచినవారికి బురద అంటే కొంత తెలుస్తుంది. అయితే మన బురదలో పైర్లు వస్తాయి.

ఆయన లూయీస్ గన్ అనే తేలికపాటి మిషన్ గన్ దళంలో రెండవవాడు. దళానికి అయిదుగురు. గన్ పేల్చేది ఒకడు. విడిభాగాలు మోసుకొని పక్కనే ఉండి, గన్ చెడితే బాగుచేయవలసినవాడు హారీ. ప్లంబరు చేతికి తగిన పనే. ఈ అయిదుగురూ తమలో తాము ఒక ఒప్పందం చేసుకున్నారు. తప్పించుకోగలిగినంతవరకు ఎవరినీ చంపకూడదు. కాల్చవలసివస్తే కాళ్ళకు కాల్చాలి. ఈ సంగతి పై అధికారులకు తెలిస్తే ఏమయ్యేదో మనం ఊహించుకోవచ్చు. ఒకనాడు ఒక జర్మను సైనికుడు తుపాకీకి బాకు తొడుక్కొని వీరిమీదికి పరుగెత్తుకొచ్చాడు. హారీ చేతిలో రివాల్వరు ఉన్నది. ముందు భుజం మీద కాల్చాడు. తుపాకీ జారిపడినా వాడు ఆగలేదు. అప్పుడు కాలిమీద కాల్చి పడగొట్టాడు. ఆలోచించుకోవడానికి కొన్ని క్షణాలే ఉన్నాయనీ, ఆ క్షణాలలో ఆరవ ఆజ్ఞ గుర్తుకొచ్చిందనీ ఆయన తరువాత చెప్పాడు. మనం సండేస్కూలు పిల్లలచేత పది ఆజ్ఞలు అప్పజెప్పించి బహుమతిగా పెన్సిలు ఇస్తాం. ఆ పిల్లవానికి అది ఎక్కడ అవసరమవుతుందో మనకు తెలియదు.

మరొకటి చెప్పాలి. వినడానికి కష్టమైన సంగతే, అయినా చెప్పాలి. దాడి జరుగుతుండగా వీరి దారిలో తమ రెజిమెంటువాడే ఒకడు పడియున్నాడు. గుండు ముక్క వానిని భుజంనుండి నడుము వరకు చీల్చివేసింది. నన్ను కాల్చి చంపండి అని వీరిని బతిమాలాడు. వీరు రివాల్వరు తీసేలోపలే ప్రాణం పోయింది. పోయేముందు అమ్మా అని ఒక్క మాట అన్నాడు. అది నొప్పితో పెట్టిన కేక కాదనీ, ఎదురుగా ఎవరినో చూచి ఆశ్చర్యపడి సంతోషించిన కేక అనీ హారీ పాచ్ సాక్ష్యం. ఆ ఒక్క కేకవల్ల చావుతో అంతా అయిపోదని ఆయనకు స్థిరంగా అనిపించింది. నూరేళ్ళు దాటిన తరువాత కూడా ఆ మాట మార్చలేదు.

1917 సెప్టెంబరు 22 రాత్రి వీరి దళం ముందు వరుసనుండి వెనుకకు వస్తూంటే ఒక గుండు వచ్చి వారి మధ్య పేలింది. అయిదుగురిలో ముగ్గురు చనిపోయారు. పాతిపెట్టడానికి కూడా ఏమీ మిగలలేదు. హారీకి పొత్తికడుపు కింద ఇనుప ముక్క గుచ్చుకున్నది. మత్తుమందు లేదు. నలుగురు కాళ్ళూ చేతులూ పట్టుకొనగా డాక్టరు ఆ ముక్క తీశాడు. ఆయనకు మాత్రం ఆ నొప్పికంటె ఆ ముగ్గురే జ్ఞాపకం. ఇంగ్లండు అంతా నవంబరు 11న యుద్ధమృతుల దినం జరుపుకొంటుంది. ఆయన మాత్రం బ్రతికినంతకాలం సెప్టెంబరు 22నే తన దినంగా ఉంచుకున్నాడు. ఆ రోజు ఒంటరిగా కూర్చునేవాడు. బ్యాండు మేళాలతో, టెలివిజన్లతో జరిగే నవంబరు పండుగ ఆయన కంటికి ఒక ప్రదర్శనగా కనిపించింది. ఆ మాట అనడానికి ఆయన జంకలేదు.

కందకాలలో ఉన్నది మొత్తం నాలుగు నెలల లోపే. బ్రదికినది 111 ఏళ్ళు. ఆ నాలుగు నెలలను మోసుకొని ఆయన ఏమి చేశాడో ఇక చూద్దాం.

ఆసుపత్రినుండి వచ్చి కోలుకుంటున్న రోజులలో ఏడా అనే అమ్మాయితో పరిచయమైంది. 1919లో పెండ్లి చేసుకున్నాడు. ఇద్దరు కుమారులు. మళ్ళీ ప్లంబింగ్ పనిలోకి దిగాడు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి 1925లో ప్రారంభమైన పెద్ద గోపురం ఒకటి ఉన్నది. దాని కట్టుబడిలో ఆయన పనిచేశాడు. ఎనభై ఏళ్ళ తరువాత, 2005లో, అదే విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డిగ్రీ ఇచ్చింది. గొట్టాలు బిగించిన చోటికి గౌను వేసుకొని వెళ్ళిన ప్లంబరు మరొకడున్నాడో లేదో నాకు తెలియదు.

రెండవ ప్రపంచయుద్ధం వచ్చేటప్పటికి ఆయనకు 41 ఏళ్ళు. సైన్యం వయస్సు దాటింది. ఒకసారి చూచినది చాలు అని ఇంట్లో కూర్చున్నా అడిగేవారు లేరు. ఆయన తన పని చేసుకుంటూనే బాత్ పట్టణపు సహాయక అగ్నిమాపక దళంలో చేరాడు. 1942 ఏప్రిల్ 25, 26 తేదీల రాత్రులు జర్మను విమానాలు బాత్ మీద బాంబులు కురిపించాయి. కర్మాగారాలకోసం కాదు, ఊరి అందంకోసం పేరుపొందిన పట్టణాలను ఏరి కొట్టిన దాడులవి. 400 మందికి పైగా చనిపోయారు. ఆ రాత్రులు గొట్టం పట్టుకొని మంటలార్పినవారిలో ఈ ప్లంబరు ఉన్నాడు. కాల్చడానికి ఇష్టంలేక కాళ్ళవైపు గురిపెట్టిన కుర్రవానికి ఇరవై అయిదేళ్ళ తరువాత తుపాకీకి బదులు నీళ్ళ గొట్టం చేతికి వచ్చింది. ఇందులో దేవుని నడిపింపు ఉన్నదని నా అభిప్రాయం. ఆయన అట్లా అనలేదు గనుక ఆయన నోట పెట్టను.

ఆ యుద్ధకాలంలోనే సోమర్సెట్‌లోని అమెరికా సైనిక శిబిరాలలో నీళ్ళు, మురుగు, పారిశుధ్యం చూచే బాధ్యత కూడా వహించాడు. ఒక ఉదయం వెళ్ళి చూస్తే శిబిరం ఖాళీ. మనుషులందరూ రాత్రికి రాత్రే నార్మండీకి ఓడలెక్కడానికి పోయారు. వారు ఎటువంటి చోటికి పోతున్నారో ఆ ఊళ్ళో తెలిసినవారిలో ఆయన ఒకడు. తరువాత స్ట్రీట్ అనే మరో చిన్న పట్టణంలో స్థిరపడి, 65 ఏళ్ళు వచ్చేవరకు ప్లంబింగ్ వ్యాపారం నడిపాడు. ఆ ఊళ్ళలో ఆయనను పైపు కారితే పిలవవలసిన మనిషిగానే ఎరుగుదురు. యుద్ధంమాట భార్యకు కూడా చెప్పలేదు. ఏడా 1976లో చనిపోయింది. యాభై ఏడేళ్ళ కాపురంలో ఆ ముగ్గురు స్నేహితుల సంగతి ఆమె వినలేదు.

ఇప్పుడు సంఘానికి సంబంధించిన మాటకు వస్తున్నాను. యుద్ధంనుండి వచ్చేటప్పటికి హారీ పాచ్‌కు సంఘం మీద నమ్మకం పగిలిపోయింది. పగలక ఏమవుతుంది? ఇంగ్లండు మందిరాలలో ఇంగ్లండు జయంకోసం ప్రార్థన; జర్మనీ మందిరాలలో జర్మనీ జయంకోసం ప్రార్థన. జర్మను సైనికుని నడుము పట్టా బిళ్ళమీద దేవుడు మాతో ఉన్నాడని పోతపోశారు. ఇటు లండను బిషప్పు ప్రసంగవేదికమీదనుండి అది పవిత్ర యుద్ధమని బోధించాడు. ఆ రెండు ప్రార్థనల మధ్య బురదలో పడుకొన్నవాడు ఈ పందొమ్మిదేళ్ళ కుర్రవాడు.

అయినా తిరిగి వచ్చిన తరువాత కూమ్ డౌన్ మందిరంలో క్వయరులో చేరాడు. ఎందుకు చేరాడో స్వయంగా చెప్పాడు. పోయిన విశ్వాసం మళ్ళీ వస్తుందేమోనని చేరాడట. సంగీతం బాగుండేది, స్నేహితులు ఉండేవారు, అందుకని కొనసాగాడు. విశ్వాసం మాత్రం రాలేదు.

నేను ఈ ప్రసంగం సిద్ధం చేస్తున్నానని తెలిసి మన సంఘపెద్దలొకరు నన్ను ముందుగానే అడిగారు: అయ్యా, విశ్వాసం తిరిగి రాలేదని తానే చెప్పిన మనిషి కథ నూరేళ్ళ పండుగలో ఎందుకండీ, సాక్ష్యం చెప్పినవారు మనకు కరువా అని. మంచి ప్రశ్నే. నా జవాబు ఇది. మారుమనస్సు పొందినవారి సాక్ష్యాలు మన దగ్గర నూరేళ్ళవి ఉన్నాయి, దేవునికి స్తోత్రం. కాని ప్రతి ఆదివారం మన మధ్య కూర్చుని కీర్తన పాడుతూ, లోపల ఖాళీగా ఉన్నవారి సాక్ష్యం ఒక్కటీ మన రికార్డులో లేదు. వారు లేరని కాదు. బిడ్డను పోగొట్టుకొని వచ్చినవారున్నారు. సరిహద్దులో చూడరానివి చూచి వచ్చినవారున్నారు. వారు నోరు తెరిస్తే మనం వెంటనే ప్రార్థన చేసి ఆ నోరు మూస్తాం.

థియలాజికల్ కాలేజీలో మాకు సంశయవాదానికి జవాబులు నేర్పారు. మంచిదే. ఆ జవాబులు పుస్తకం రాసిన సంశయవాదికి పనికొస్తాయి. క్వయరులో చివరి వరుసలో నిలబడి బేసు పాడే మనిషికి జవాబు అక్కరలేదు, పక్కన చోటు కావాలి. కూమ్ డౌన్ మందిరం ఆ చోటు ఇచ్చింది. మన పాస్టరేట్ కమిటీలలో క్వయరులో ఎవరు పాడవచ్చు, ఎవరు పాడకూడదు అని గంటలకొద్దీ వాదన జరుగుతుంది. క్రమశిక్షణ అక్కరలేదని నేననను. ఈసారి ఆ వాదన వచ్చినప్పుడు మాత్రం ఈ ప్లంబరును మీటింగులో ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టండి. తోమాను మిగిలిన పదిమంది శిష్యులు వెలివేయలేదు గనుకనే మరుసటి వారం ఆయన ఆ గదిలో ఉన్నాడు. ఎనిమిది దినాలు ఆగితే తోమాకు కనిపించింది. తొంభై ఏళ్ళు ఆగినా కనిపించనివారుంటారు. వారి పక్కన కూడా మనం పాడుతూ నిలబడవలసినదే.

ఆయన మౌనం ఎట్లా వీడిందో చెబుతాను. ముసలితనంలో వెల్స్ పట్టణంలో వృద్ధుల ఆశ్రమంలో ఉండేవాడు. ఆయన గదికి ఎదురుగా దుప్పట్లు పెట్టే గది ఒకటి ఉన్నది. రాత్రి ఎవరైనా ఆ గదిలో దీపం వేస్తే వెలుగు ఒక్కసారిగా తలుపు అద్దంమీద పడేది. సగం నిద్రలో ఆయనకు అది గుండు పేలిన వెలుగయ్యేది. ఎనభై ఏళ్ళనాటి రాత్రి ఒక స్విచ్చితో తిరిగివచ్చింది. 1998లో, ఆయనకు 100 ఏళ్ళు నిండిన ఏడు, బి.బి.సి.వారు బ్రతికియున్న పాత సైనికులను వెదుకుతూ వచ్చి అడిగారు. అడిగితే చెప్పాడు. 2007లో ఆయన ఆత్మకథ పుస్తకంగా వచ్చింది.

2004 నవంబరులో ఈప్రెలో చార్లెస్ కుంట్జ్ అనే మరో ముసలాయనను కలిశాడు. కుంట్జ్ అల్సేస్ ప్రాంతంవాడు, అదే యుద్ధంలో జర్మనీ తరఫున ఎదుటి కందకంలో ఉన్నవాడు. ఒకరికి 106 ఏళ్ళు, ఒకరికి 107. కుంట్జ్ తన ప్రాంతపు బిస్కత్తుల డబ్బా తెచ్చాడు. హారీ పాచ్ సోమర్సెట్ సైడరు సీసా ఇచ్చాడు. దానిని గూర్చి మద్యనిషేధ సంఘంవారు నన్ను తరువాత అడుగవచ్చు. ఎనభై ఏడేళ్ళ కిందట ఒకరినొకరు చంపవలసినవారు ఆ వేళ ఒకచోట కూర్చున్నారు. 2007లో మళ్ళీ వెళ్ళి రెండు పక్షాల మృతులకూ నివాళి ఇచ్చాడు. లాంగమార్క్‌లో జర్మను శ్మశానంలో 44 వేల మందికి పైగా పాతిపెట్టబడి ఉన్నారు. వారు కూడా ఎవరో ఒక తల్లి బిడ్డలేనన్న సంగతి ఈ మనిషికి ఎవరూ ప్రసంగం చేసి చెప్పనక్కరలేదు.

మన పాస్టర్లకు, సంఘపెద్దలకు ఒక మనవి. ఈ శతవార్షికోత్సవ సంవత్సరం ముగిసేలోగా ప్రతి పాస్టరేట్‌లో యువజనులు ఇద్దరిద్దరు చొప్పున వెళ్ళి మాజీ సైనికుల దగ్గర కూర్చోవాలి. పుస్తకం, కలం తీసుకొని వెళ్ళండి. ఇప్పుడు మీ జేబులో ఉన్న ఫోను కూడా పనికొస్తుంది. సన్మానం, శాలువా తరువాత చూసుకుందాం. ఆయన ఏడిస్తే ఏడవనివ్వండి, దేవుడు లేడేమో అంటే అననివ్వండి. సరిదిద్దకుండా రాసుకోండి. భార్య బ్రతికియుంటే ఆమెను కూడా పక్కన కూర్చోబెట్టండి. ఏడా వినలేకపోయినది ఆమె వింటుంది.

హారీ పాచ్ 2009 జూలై 25న వెల్స్‌లో కన్నుమూశాడు. ఆ కందకాలలో పోరాడిన బ్రిటిషు సైనికులలో ఆయనే ఆఖరివాడు. ఆగస్టు 6న వెల్స్ కథీడ్రల్‌లో భూస్థాపన ఆరాధన జరిగింది. విశ్వాసం తిరిగి రాలేదన్న మనిషికి సంఘం తన పెద్ద తలుపులే తీసింది. పెట్టెతోపాటు బెల్జియం, ఫ్రాన్సు, జర్మనీ దేశాల సైనికులు ఇద్దరేసి నడిచారు. సైనిక లాంఛనమే అయినా ఎవరి దగ్గరా ఆయుధం ఉండకూడదన్నది ఏర్పాటు. ఒక్క ఖడ్గం కూడా లేదు. కథీడ్రల్‌లో కాక మాంక్‌టన్ కూమ్ అనే పల్లెలోని మందిరపు ఆవరణలో, తల్లిదండ్రుల దగ్గర, అన్న దగ్గర పాతిపెట్టారు.

ఆయన పుస్తకంమీద వచ్చిన డబ్బుతో ఒక చిన్న పడవ కొన్నారు. సముద్రంలో ప్రమాదంలో పడినవారిని రక్షించడానికి అక్కడ స్వచ్ఛంద సేవకులు నడిపే సంస్థకు ఇచ్చారు. దానికి డోరిస్ అండ్ హారీ అని పేరు పెట్టారు. డోరిస్ ఎవరంటే, ఆశ్రమంలో ఆయనతో కబుర్లు చెప్పుకొనే స్నేహితురాలు.